ఓయివా లాంతరు, సదాకో టీవీ

దయ్యాల సినిమా అనగానే మొహం తిప్పేసుకోకండి. నేను మాట్లాడాలనుకున్నది వాటి కోపం గురించి. జపాను దయ్యాల కథలు విన్నాక, వాటిని చూసి వణకడం కన్నా వాటి పక్షాన నిలబడాలనే ఎక్కువగా అనిపిస్తుంది నాకు.

ఎక్కువమందికి తెలిసిన సదాకోతోనే మొదలుపెడదాం. కోజి సుజుకి 1991లో రాసిన నవలని హిదెయో నకాటా 1998లో 'రింగు' అనే సినిమాగా తీశాడు. ఒక వీడియో టేపు, అది చూసినవాళ్ళు వారం తిరిగేసరికి పోతారు. చివర్లో టీవీ దానంతటదే వెలుగుతుంది. తెర మీద ఓ పాత బావి. అందులోంచి తెల్లబట్టల పిల్ల ఒకతె, జుట్టు మొహమంతా కప్పేసి, పైకెక్కి, తడబడుతూ దగ్గరికొచ్చి, టీవీ అద్దం దాటుకుని గదిలోకి పాకుతుంది. ఆ కదలిక మనిషిదిలా ఎందుకు లేదంటారా? నటి చేత వెనక్కి నడిపించి, ఆ రీలు తిరగేసి చూపించారు.

అయితే తెర దాటుకుని బయటికొచ్చే ఆ ఎత్తు మరీ కొత్తదేం కాదండీ. కబుకి రంగస్థలం మీద, మండుతున్న కాగితపు లాంతరు లోంచి బయటికొచ్చే దయ్యం ఎప్పటినుంచో ఉంది. పేరు ఓయివా. నాలుగో త్సురుయా నంబోకు రాసిన 'యోత్సుయా కైదాన్' నాటకం 1825లో ఎదో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, మొదటిసారి ఆడింది. ఈ కథ కాస్త నెమ్మదిగా చెప్పనివ్వండి.

ఓయివా బాలింతరాలు. మొగుడు ఇయెమోన్ కొలువు పోయిన సమురాయ్, గొడుగులకి కాగితం అంటించి బతుకుతుంటాడు. పక్కింటి డబ్బున్నవాళ్ళ మనవరాలు అతని మీద మనసు పడుతుంది. ఆ ఇంటివాళ్ళు బాలింత మందని చెప్పి విషం పంపిస్తారు. ఓయివా వాళ్ళకి చేతులెత్తి దణ్ణం పెట్టి, రవ్వంత కూడా పోనివ్వకుండా తాగుతుంది. మొహం పాడైపోతుంది. సంగతి తెలిశాక ఆమె అద్దం ముందు కూర్చుని తల దువ్వుకుంటుంది. పక్కింటివాళ్ళ దగ్గరికి వెళ్ళాలి, పరువుగా వెళ్ళాలి. దువ్వెనకి జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడొస్తుంది. ఈ ఘట్టాన్ని ఎక్కడా తొందరపడకుండా ఆడతారు. ఆమె ఇంకా దయ్యం కాలేదు చూడండి, బతికున్న మనిషే! నా దృష్టిలో జపాను భయానక కళలో దీన్ని మించింది లేదు. సదాకో మొహం మీద ఆ జుట్టు వేలాడినప్పుడల్లా నాకు ఈ దువ్వెనే గుర్తొస్తుంది.

ఇలాంటి కోపాన్ని చల్లార్చడానికి పాతకాలం వాళ్ళకో దారి ఉండేది. పండితుడు, కవి అయిన సుగవారా నో మిచిజానే అనే మంత్రిని లేనిపోని నేరం మోపి 901లో దజైఫుకి పంపేశారు. 903లో అక్కడే పోయాడు. ఆ తర్వాత ఆస్థానంలో చావులు; బెంబేలెత్తి అతని పదవి తిరిగిచ్చారు. 930లో రాజభవనం మీద పిడుగు కూడా పడ్డాక, క్యోటోలో గుడి కట్టించారు. ఇప్పుడు పరీక్షల ముందు పిల్లలు మొక్కుకునే దేవుడు ఆయనే. అన్యాయంగా ప్రాణం పోయిన ఆడపడుచుని పేరంటాలుగా కొలిచే మన పల్లెల వాళ్ళకి ఇందులో వింతేం కనబడదు. ఓయివాకీ యోత్సుయాలో గుడి ఉంది. ఆ నాటకం వేసే నటులు ముందు అక్కడికెళ్ళి దణ్ణం పెట్టుకుంటారు.

నకాటా పట్టుకున్నది సరిగ్గా ఇక్కడే. (సినిమా చూడనివాళ్ళు ఈ ఒక్క పేరా వదిలేయండి.) విలేఖరి రేయ్కో, ఆమె మాజీ భర్త కలిసి బావిలో నీళ్ళు తోడి, సదాకో అస్థికలు వెలికితీస్తారు. రేయ్కో ఆ పుర్రెని గుండెకి హత్తుకుంటుంది. పాత కథైతే అక్కడితో శాంతించాలి. మర్నాడు ఆ మాజీ భర్త ఇంట్లో టీవీ వెలుగుతుంది. బతకడానికి మిగిలిన దారల్లా టేపుకి నకలు తీసి ఇంకొకరికి చూపించడమే. ఆ టేపు చూసేసిన కొడుకుని దక్కించుకోడానికి రేయ్కో టేపు పట్టుకుని తన కన్నతండ్రి దగ్గరికి బయల్దేరుతుంది. సదాకోకి గుడి కట్టేవాళ్ళు లేరు, తప్పు ఒప్పుకునేవాళ్ళు లేరు. అందుకే ఆ బాధ చేతులు మారడం తప్ప తీరడం లేదని నాకనిపిస్తుంది.

తకాషి షిమిజు 'జు-ఆన్' 2003లో థియేటర్లకొచ్చింది. అనుమానంతో మొగుడు చంపేసిన కయాకో, ఆ ఇంట్లో అడుగుపెట్టిన ఎవరినీ వదలదు. మంచాన పడ్డ ముసలావిడని చూసుకోడానికొచ్చిన అమ్మాయినైనా సరే. ఉలిక్కిపడేలా చేస్తుంది కానీ, కయాకో గురించి ఇంకాస్త చెబితే బాగుండేదనిపిస్తుంది.

చూడాలనుకుంటే ముందు నొబువో నకగావా 1959లో తీసిన ఓయివా కథ చూడండి. ఆ తర్వాత నకాటాదే 2002 నాటి 'డార్క్ వాటర్'. భర్తతో విడిపోయి, కూతురిని తన దగ్గరే ఉంచుకోవాలని పోరాడే ఒక తల్లి, నీళ్ళు కారే అపార్టుమెంటు, పైఅంతస్తులో ఎవరూ పట్టించుకోని ఓ చిన్నపిల్ల. ఆ పిల్ల అడిగేది అమ్మని. తల్లి ఏం చేస్తుందో నేను చెప్పను. చూశాక, ఆ పిల్లని దయ్యమని పిలవడానికి మీకు మనసొప్పిందో లేదో నాకో ముక్క రాయండి.