కోహిమా టెన్నిస్ కోర్టు

1944 ఏప్రిల్‌లో ఇక్కడ రెండు సైన్యాలకూ మధ్య ఉన్న ఎడం ఒక టెన్నిస్ కోర్టు. అప్పటి డిప్యూటీ కమిషనర్ చార్లెస్ పాసీ బంగళాలోది. ఇటు బ్రిటిష్, భారత సైనికులు, అటు జపాన్ వాళ్లు. కందకాల్లో నక్కి, ఆ కోర్టు మీదుగా గ్రెనేడ్లు విసురుకున్నారు. బంగళా నేలమట్టమైపోయింది. కోర్టు గీతల్ని మాత్రం సిమెంటుతో గీసి ఉంచారు.

దిమాపూర్ నుంచి మలుపులన్నీ తిరిగి కోహిమా చేరాక, వార్ సిమెట్రీ ఎక్కడో ఊరవతల ఉంటుందనుకున్నాను. కాదు, నడిబొడ్డునే ఉంది. కింద టాక్సీల హారన్లు, పైన మెట్లు మెట్లుగా 1,420 సమాధులు. ఒక్కో రాతి మీద కంచు పలక: పేరు, దళం, వయసు, కొన్నిటి మీద ఇంటివాళ్లు రాయించిన రెండు మాటలు. ఆ వయసులు చదువుతూ ఎక్కడం కష్టమే. జపాన్ సైనికులు పొంచి కాల్చిన చెర్రీ చెట్టు యుద్ధంలో కూలిపోతే, మోడు నుంచి మళ్లీ చిగిర్చిందట. చాలామంది దాని దగ్గరే ఫొటోలు దిగి వెనక్కి మళ్లుతున్నారు.

ఇంకా పైకి వెళ్లాలి. దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల స్మారకం అక్కడ ఉంది. పేర్ల వరుసలే తప్ప, ఇంటివాళ్ల మాట ఒక్కటీ లేదు. ఎవరి యుద్ధమో, ఎవరి కొండో! వాళ్ల చావు కబురు ఏ పల్లెకు ఎన్నాళ్లకు చేరిందో!

అవతలి పక్షం సేనాని కోతోకు సాతో మాటా చెప్పాలి. బియ్యం రావు, తూటాలు రావు. పైనుంచి మాత్రం కదలొద్దని ఆజ్ఞ. ఆయన దాన్ని ధిక్కరించి, మిగిలిన సైన్యాన్ని వెనక్కి నడిపించాడు. పదవి పోయింది. శాంతి మీద ప్రేమతో చేసిన పని కాదది, ఆకలి చేయించింది. అయినా ఆ పోరాటం మొత్తంలో నాకు గౌరవం కలిగిన ఆజ్ఞ అదొక్కటే.

మరి నాగాలు? వాళ్ల ఇళ్లు కాలిపోయాయి. గాయపడ్డవాళ్లను ఆ నిట్టనిలువు కొండల్లో మోసిందీ, దారులు చూపిందీ వాళ్లే. యుద్ధం ముగిశాక బ్రిటిష్ వాళ్లు వెళ్లిపోయారు, జపాన్ వాళ్లు వెళ్లిపోయారు. నాగా కొండల్లో తుపాకులు ఆగలేదు. 1950లలో మొదలైన తిరుగుబాటు, 1958 నాటి సైన్యపు ప్రత్యేకాధికారాల చట్టం, 1997లో కాల్పుల విరమణ, 2015లో ఒక ఫ్రేమ్‌వర్క్ ఒప్పందం. ఇంత చక్కగా గడ్డి కత్తిరించిన సిమెట్రీలో నిలబడితే యుద్ధమంటే ఎప్పుడో ముగిసిన సంగతిలా తోస్తుంది. ఆ నునుపు నాకు నచ్చలేదు. 2021 డిసెంబరులో మోన్ జిల్లా ఓటింగ్ గ్రామంలో, బొగ్గు గని నుంచి ఇంటికి వెళ్తున్న కూలీలను సైన్యం మిలిటెంట్లనుకుని కాల్చి చంపింది. ఆ ఏడు కోహిమా పక్కన కిసామాలో సాగుతున్న హార్న్‌బిల్ పండుగను నడిమధ్యలో ఆపేశారు.