మా వసారా స్తంభాలు

కొత్త వస్తువును కొనుట సులభము. పాత వస్తువును నిలుపుకొనుట కష్టము. పెద్దల నోట ఈ మాట పలుమార్లు విన్నాము గాని, దాని అర్థము మాకు తెలిసినది మొన్నటి వేసవి సెలవులలోనే. తెలియజెప్పినవి మా ఇంటి ముందరి సిమెంటు స్తంభాలు.

మా ఇల్లు కర్నూలు పాత పట్టణంలో, తుంగభద్రకు చేరువలో ఉన్నది. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న 1953–56 సంవత్సరాల నడుమ మా దాదాగారు దీనిని కట్టించినారు. వసారా అంచున, బేతంచెర్ల బండల మీద, నడుమెత్తు పొట్టి స్తంభాలు 24 వరుసగా నిలిచి ఉన్నవి. మెడ సన్నము, పొట్ట గుండ్రము. చూచుటకు కూజాలవలె ఉండును. ఇంగ్లీషులో వీటిని బాలస్టర్లు అంటారు. అడవి దానిమ్మపువ్వుకు గ్రీకు భాషలో ఉన్న పేరే ఇటలీ భాష మీదుగా ఈ రూపం దాల్చినది. ఆ సంగతి చెప్పగా మా దాదీ, "అయితే ఇవి గుల్నార్‌లన్నమాట!" అని మురిసిపోయినారు.

2009 అక్టోబరు మొదటి వారంలో వచ్చిన వరదలో నీరు ఈ స్తంభాల తలలు దాటి నిలిచినది. అయినను అవి కూలలేదు. వాటికి అసలైన అపకారం చేసినది వరద కాదు, మేమే. రెండేళ్ల క్రితం మా ఆపా నికాహ్ సమయంలో, ఇల్లు కళకళలాడవలెనని అన్నదమ్ములమిద్దరము రెండు రోజులలో పని ముగించినాము. పగుళ్లలో ఇంత సిమెంటు మెత్తి, అది తడి ఆరకముందే నూనెరంగు పూసినాము. వచ్చినవారందరు మెచ్చుకొన్నారు. మరుసటి వానాకాలానికే రంగు పొక్కులు పొక్కి లేచినది. ఒకనాడు దాదీ మెట్లు దిగుచు ఊతకై చివరి స్తంభాన్ని పట్టుకొనగా, పెచ్చు ఊడి ఆమె చేతిలోకి వచ్చినది. పక్కనే ఉన్న అమ్మీ పట్టుకొన్నందున ఆమె పడలేదు. కాని ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

అబ్బాజాన్ స్తంభాలన్నిటిని పడగొట్టించి స్టీలు కమ్మీలు పెట్టించెదమన్నారు. దాదీ ఏమీ అనలేదు; ఆ పెచ్చును తీసి కిటికీలో భద్రపరచినారు, అంతే. మేము ఒక వేసవి గడువు అడిగినాము.

మా వీధి వృద్ధ మేస్త్రీగారు మొదట రంగుడబ్బా మూత తీయనీయలేదు. చిన్న సుత్తితో ఒక్కొక్క స్తంభాన్ని తట్టి వినమన్నారు. గట్టిది ఖంగుమన్నది, లోపల విడిపోయినది డొల్లగా పలికినది. 24లో ఐదు డొల్ల. వాటి నడుమ ఉన్న ఇనుప ఊచ తుప్పు పట్టినది. సిమెంటులోని క్షారగుణము ఇనుమును కాపాడుచుండును. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏండ్ల తరబడి లోనికి చొచ్చి ఆ గుణమును హరించును. పిమ్మట తేమ తగిలి ఇనుము తుప్పు పట్టును. తుప్పు ఇనుముకన్న ఎక్కువ చోటు ఆక్రమించును గనుక కాంక్రీటు లోపలినుండి పగులును. "పుండు లోపల ఉంటే పైన పౌడరు పూసినారు బాబూ" అన్నారు మేస్త్రీగారు. మేము తలవంచుకొన్నాము.

కొబ్బరిపీచుతో పాచిని, చౌడును కడిగి ఆరనిచ్చినాము. పాత రంగును పొడిగా గీకవద్దని మా రసాయన శాస్త్ర ఉపన్యాసకులు హెచ్చరించినారు. పూర్వపు రంగులలో సీసం ఉండవచ్చును. ఆ ధూళి పసిపిల్లలకు విషము. గృహాలకు వాడు రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదని 2016లో నియమం వచ్చినది. మా పొరలు అంతకు చాల పూర్వపువి. కావున ముఖానికి మాస్కు ధరించి, నీటితో తడుపుచు సాండ్ పేపరుతో రుద్ది, రాలినదంతయు పట్టాపై పోగుచేసినాము.

డొల్ల భాగాలను చెక్కి, ఊచలను తీగబ్రష్షుతో మెరయునట్లు తోమి, తుప్పు నిరోధించు పూత వేసినాము. పాత కాంక్రీటును తడిపి, సిమెంటు పాలు పూసి, ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు జల్లించిన ఇసుక కలిపి నింపినాము. మంచి స్తంభపు వంపును రేకుపై కత్తిరించి, దానితో కొత్త వంపులను సరిదిద్దినారు మేస్త్రీగారు. తడి గోనెపట్టాలు చుట్టి ఏడు రోజులు నీళ్లు పట్టినాము. తరువాత నాలుగు వారాలు ఏమియు చేయలేదు. ఆ ఏమియు చేయకుండుటయే మాకు అన్నిటికన్న కష్టమైనది. కొత్త సిమెంటులోని క్షారం తగ్గకముందే నూనెరంగు వేసినచో దానిని సబ్బువలె మార్చి ఊడగొట్టును; మా తొలి తప్పిదం అదియే.

కడకు ప్రైమరు ఒక పూత, బయటి గోడలకు వాడు ఎమల్షన్ రెండు పూతలు వేసినాము. కర్నూలు ఎండలో రంగు కుంచె మీదనే ఆరిపోవును గనుక ఉదయం, సాయంత్రం నీడలో మాత్రమే పని చేసినాము. అన్ని వారాల శ్రమలో రంగు పూసినది మూడు రోజులే.

ముగిసిన నాడు అబ్బాజాన్ స్తంభాలన్నిటిని సుత్తితో తట్టి చూచినారు. అన్నియు ఖంగుమన్నవి. స్టీలు కమ్మీల ప్రస్తావన మరల రాలేదు. దాదీ కిటికీలోని పెచ్చును తీసి పారవేసి, చివరి స్తంభాన్ని పట్టుకొని మెట్లు దిగినారు. మేము వెనుకనే చేతులు చాచి నిలిచినాము, అవసరము కలుగలేదు.

విద్యార్థి మిత్రులారా! పరీక్షల ముందు రెండు రాత్రులలో చదువు ముగించు మనకు ఈ సంగతి వేరుగ విప్పి చెప్పనక్కరలేదు. ఒకనాడు ఎవరో మనలను నమ్మి, ఊతకై చేయి చాచెదరు. ఆనాడు అక్కరకు వచ్చునది పైరంగు కాదు.