పొల్లిలూరు సిపాయిలు, అమ్మీ గుస్సా

ఇషా తర్వాత దొరికే గంటే నా ఫుర్సత్. బల్ల మీద 28 మిల్లీమీటర్ల సిపాయిలు, సన్న బ్రష్షు, ఫోనులో షేక్ చినమౌలానా గారి నాదస్వరం. మన కరవది బిడ్డ, 1998లో సంగీత కళానిధి. గుడిలో మోగే ఆ వాద్యాన్ని మనవాళ్లు తరతరాలుగా ఊదుతున్నారు. ఈ నెలంతా ఖవ్వాలీ ఊసే రాలేదు నాకు.

ఇప్పటి ఇరాదా 1780 సెప్టెంబరు 10, పొల్లిలూరు జంగ్. కల్నల్ బెయిలీ ఎర్రకోట్లు అయిపోయాయి. హైదర్ అలీ సవార్లు, టిప్పు ఇనుప గొట్టాల రాకెట్లు మిగిలాయి. కంచిలో ఉండీ మన్రో సాయానికి రాలేదు కదా, వచ్చి ఉంటే? పాచికలేసి చూడాలని షౌక్. నేల కోసం, ఆళ్లగడ్డలో ఖాలా ఇంటికెళ్లినప్పుడు శిల్పాలు చెక్కే షెడ్డులో రాతిపొడి అడిగి డబ్బా నిండా తెచ్చా. ఫెవికాల్ పూసి చల్లితే అచ్చం ఎండిన పొలమే.

పేచీ అమ్మీతో. "తస్వీర్లున్న ఇంట్లోకి ఫరిష్తేలు రారు బేటా. నంద్యాలలో ఇంకే పనీ దొరకలేదా నీకు?" అంది. ఆటబొమ్మలేనని బహస్ చేశా. జవాబివ్వలేదు. జానమాజ్ తీసుకుని వంటింట్లోకెళ్లి నమాజ్ చేసుకుంది, ఆ మోకాళ్ల నొప్పులతో, పొయ్యి పక్కన ఇరుకులో. రెండు రాత్రులు బ్రష్షు ముట్టలేకపోయా.

ఇప్పుడు సిపాయిలకు కళ్లూ ముక్కూ వేయడం మానేశా. పని కాగానే బిస్కెట్ల డబ్బాలో పెట్టి బీరువా మీదకి. అమ్మీ మళ్లీ హాల్లోనే నమాజ్ చేస్తోంది. నిన్న తనే డబ్బా దింపించి, మూత తీసి చూసి, "హైదర్ అలీకి ఏనుగేది రా?" అంది.

బక్రీద్ లోపు ఒకటి చేయాలి, ఇన్షా అల్లా.