చాటింపు, విరామం

మొన్న మా మేనత్త మనవరాలి పెళ్ళిలో నాన్నగారి వినికిడి యంత్రాల బ్యాటరీలు అయిపోయాయి. కొత్తవి వేసి ఇచ్చాను. మాట వినిపిస్తోందిగాని, చుట్టూ గోలను తగ్గించే అమరికకు మార్చాలంటే ఫోను కావాలి. ఆ ఫోనుకేమో యంత్రాలు ఎంతకీ దొరకలేదు. మేనత్త పక్కన కూర్చుని ఏదో అడుగుతోంది. ఆయన తలూపుతున్నారు. వినబడనప్పటి ఆ తలూపు నాకు తెలుసు.

పరికరాలు ఒకదానినొకటి కనుగొనే పద్ధతులే నా ఉద్యోగం. అందుకే సిగ్గు వేసింది.

తక్కువ విద్యుత్తుతో నడిచే బ్లూటూత్‌కు 40 మార్గాలున్నాయి. "నేనిక్కడున్నాను" అని మొదట చాటుకోవడానికి వాడేవి మాత్రం మూడే: 37, 38, 39. చాటే పరికరం ముందుగా చెవియొగ్గి వినదు. ఎవరు మాట్లాడుతున్నా తన కేక తాను వేస్తుంది. ఒకే మార్గంలో రెండు కేకలు కలిస్తే తరచు రెండూ వృథా. అవే మళ్ళీ మళ్ళీ ఢీకొనకుండా ప్రతి విడతకూ 10 మిల్లీసెకన్లలోపు యాదృచ్ఛికమైన ఆలస్యం కలుపుతారు.

ఒకసారి మా ప్రయోగశాలలో వస్తువులకు తగిలించే 300 బిళ్ళలు త్వరగా దొరకాలని, చాటింపుల నడుమ వ్యవధిని 20 మిల్లీసెకన్లకు దించాను. దాదాపు ఏదీ దొరకలేదు! ఒక్కో కేకకు అరమిల్లీసెకను పట్టకపోయినా, 300 కేకలనూ వరుసగా పేరిస్తే వంద మిల్లీసెకన్లు దాటుతుంది. దానిని ఇరవైలో కుక్కాను. వ్యవధిని 200కు పెంచాక ఒక్కొక్కటే పలకసాగాయి. 2016లో వచ్చిన బ్లూటూత్ 5 ఇటువంటి సర్దుబాటుకే మరో దారి చూపింది: ఆ మూడు మార్గాలలో చిన్న ఆనవాలు చెప్పి, అసలు సంగతిని తక్కిన 37 మార్గాలలో చెప్పుకోవచ్చు. గుంపులో త్వరగా దొరకాలంటే కేకలు తగ్గించాలన్నది నాకు ఆలస్యంగా వంటబట్టిన పాఠం.

ఆ మండపంలో ఎన్ని ఫోన్లు, ఎన్ని గడియారాలు, ఎన్ని చెవిబిళ్ళలు చాటుకుంటున్నాయో! నాన్నగారిని వెనకనున్న వేపచెట్టు కిందికి తీసుకువెళ్ళాను. ఫోనుకు యంత్రాలు వెంటనే దొరికాయి. మేనత్త కూడా వెనకే వచ్చింది.

"అయితే ఊళ్ళో ఇల్లు అమ్మకానికి పెట్టేయమంటాను అన్నయ్యా, నువ్వు సరేనన్నావుగా!" అంది.

నాన్నగారు ఉలిక్కిపడ్డారు. "నేనెప్పుడన్నాను?"

తర్వాత ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఒకరు ఆగాక ఒకరు.