ఎవరి పోలిక?

బిడ్డ పుట్టి పురిటి స్నానమైనా కాకముందే మన ఇళ్లల్లో పోలికల పంపకాలు మొదలవుతాయి. ముక్కు నాన్నమ్మది, నుదురు తాతది, మొండితనం మాత్రం అచ్చం మేనమామది. ఈ పంపకాల్లో ఒక రూలు కూడా ఉంటుంది, మీరూ గమనించే ఉంటారు. మంచివన్నీ మన వైపు నుంచి, వంకరలన్నీ వియ్యపురాలి వైపు నుంచి! మా ఇల్లూ అందుకు మినహాయింపేం కాదు. మా వాడి చదువు విషయంలోనూ ముందు నడిచింది ఈ పంచాయితీయే.

వాడికి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. పద్యం రెండుసార్లు వింటే గడగడా అప్పజెప్పేస్తాడు. పాడైన టార్చిలైటు ఇస్తే విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించి ఇస్తాడు. పుస్తకం తెరిస్తేనే తంటా. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో మర్చిపోతాడు. పై లైన్లో చదివిన మాటే కింది లైన్లో కొత్తగా కనిపిస్తుంది. ఇంగ్లీషు అయితే మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేస్తాడు. డైరీలో టీచరుగారు ఎర్ర సిరాతో "శ్రద్ధ లేదు" అని రాసేవారు. చుట్టాలు ఇంకో అడుగు ముందుకేసి, "తల్లి దగ్గర కూర్చుని చదివించాలమ్మా" అనేవారు. రోజూ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా నేను ఎక్కడ కూర్చుంటున్నానో వాళ్లకేం తెలుసు?

చివరికి పిల్లల సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాం. కళ్లు, చెవులు ముందే పరీక్ష చేయించి రమ్మన్నారు. రెండూ బాగానే ఉన్నాయి. ఆవిడ ఒక కాగితం ఇచ్చి నింపమన్నారు. అందులో ఒక ప్రశ్న: కుటుంబంలో ఎవరికైనా చదవడం, రాయడం కష్టంగా ఉండేదా? మావారు క్షణం ఆలోచించకుండా "మా వైపు ఎవరూ లేరు" అన్నారు. "మా వైపు కూడా లేరు" అన్నాను నేను. ఆవిడ నవ్వి, "ఇది తప్పెవరిదో తేల్చడానికి కాదు, ఇంటికెళ్లి పెద్దవాళ్లని అడగండి" అన్నారు. తర్వాత రెండు రోజులు పరీక్షలు చేసి డిస్లెక్సియా అని చెప్పారు. తెలివితేటలు వయసుకి తగ్గట్టుగా ఉన్నాయి, చదవడంలో మాత్రం రెండేళ్లు వెనకబడ్డాడు అన్నారు.

ఆవిడ చెప్పినవీ, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నవీ నాకర్థమైన మాటల్లో చెప్తాను.

మాట్లాడడం పిల్లలకి ఎవరూ పలక పట్టించి నేర్పక్కర్లేదు. చదవడం అలా కాదు. మనుషులు రాయడం మొదలుపెట్టి అయిదు వేల ఏళ్లు దాటింది, అంతే. అందుకే మెదడులో చదువు కోసం కట్టిన గదంటూ ఏదీ లేదు. ముఖాలు, వస్తువులు గుర్తుపట్టే చోటులో కొంత భాగం అక్షరాలకి కేటాయించుకోవాలి. అక్కడి నుంచి మాటని చప్పుళ్లుగా విడదీసే చోటుకీ, అర్థం తెలిసే చోటుకీ దారి వేసుకోవాలి. మనలో ఎక్కువమందికి ఇదంతా మెదడు ఎడమ వైపు జరుగుతుంది. స్టానిస్లాస్ డెహేన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీని గురించి చాలా పని చేశారు. డిస్లెక్సియా ఉన్నవాళ్లు చదువుతుండగా ఎమ్మారై తీసి చూస్తే, ఎడమ చెవికి పైన, వెనక ఉండే ఈ చోట్లు మిగతావాళ్లలో అంత చురుగ్గా పనిచేయడం లేదని తేలింది. అంటే లోపం చూపులో లేదు, బుద్ధిలోనూ లేదు. చప్పుడికీ అక్షరానికీ ముడి పడడంలో ఉంది.

ఈ సంగతి పైపైన కనిపెట్టింది కూడా ఈనాడు కాదు. 1896లోనే ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గాన్ అనే డాక్టరు ఒక పద్నాలుగేళ్ల కుర్రాడి గురించి వైద్య పత్రికలో రాశాడు. చురుకైనవాడే, చదవడం మాత్రం రాదు. పాఠాలన్నీ నోటితోనే చెప్పేపనైతే బడి మొత్తంలో వీడే తెలివైనవాడయ్యేవాడని వాడి మేస్టారు అన్నారట. అది చదివినప్పుడు పద్యం అప్పజెప్పే మా వాడే కళ్ల ముందు మెదిలాడు.

మరి ఇంగ్లీషులో తడబడినంతగా తెలుగులో ఎందుకు తడబడడు? దానికీ జవాబు దొరికింది. 2001లో ఇటలీ, ఫ్రాన్సు, ఇంగ్లండు దేశాల్లో డిస్లెక్సియా ఉన్నవాళ్లని పోల్చి చూశారు. ఇటాలియన్ మనలాగే రాసినట్టు పలికే భాష. అందుకని ఇటలీవాళ్లు మిగతావాళ్లకంటే తప్పులు తక్కువగా చదివారు. కానీ మెదడులో ఆ ఎడమ వైపు చురుకుదనం ముగ్గురిలోనూ ఒకేలా తగ్గి ఉంది. మా వాడూ అంతే. తెలుగులో తప్పులు తక్కువ, నత్తనడక ఎక్కువ.

ఇక వంశం సంగతి. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం మామూలు కంటే చాలా ఎక్కువ. దాదాపు సగం దాకా ఉండొచ్చంటారు. అలాగని దీనికి ఒకే ఒక్క జన్యువు లేదు. 2022లో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. డిస్లెక్సియా ఉందని చెప్పిన యాభై వేలకు పైగా మందినీ, లేనివాళ్లు పది లక్షలకు పైగా మందినీ పోలిస్తే జన్యువుల్లో 42 చోట్ల తేడాలు కనబడ్డాయి. ఒక్కోటీ చేసేది ఆవగింజంత. కూరలో ఉప్పు ఎక్కువైతే ఎవరు వేశారో పట్టుకోవచ్చు. తలో చిటికెడు ఇన్ని చేతులు వేసిన కూరకి ఎవర్నని పట్టుకుంటాం?

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇదంతా చెప్పాను. అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. కంచంలో మజ్జిగ అన్నం కలుపుతూ, "మీ మావయ్యగారికి చదవడం రాదమ్మాయ్" అన్నారు.

మావారు తల ఎత్తి చూశారు.

మావయ్యగారు మోటార్లు బాగుచేసేవారు. చప్పుడు విని జబ్బు ఎక్కడుందో చెప్పేసేవారట. ఊళ్లోవాళ్ల బాకీల లెక్కలన్నీ నోటికే ఉండేవి. రోజూ పొద్దున్నే పేపరు చేతిలో పట్టుకుని, "కళ్లజోడు ఎక్కడ పెట్టానో, కాస్త చదువమ్మా" అని నన్ను పిలిచేవారు. కోడలంటే ముచ్చట అనుకునేదాన్ని. "బళ్లో మేస్టారు అందరి ముందూ మొద్దు అని కొట్టారట. అయిదో తరగతిలోనే మానేశారు. నలభై ఏళ్లు ఉత్తరాలన్నీ నాచేతే చదివించుకున్నారు. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నారు" అన్నారు అత్తయ్య. ఆయన్ని ఏ డాక్టరూ పరీక్షించలేదు కాబట్టి అది డిస్లెక్సియాయే అని నేననను. కానీ మావారు చెయ్యి కడుక్కుని వచ్చి, మర్నాటికి పంపాల్సిన ఆ కాగితం తీసి "మా వైపు ఎవరూ లేరు" అన్నది కొట్టేశారు. పక్కన "మా నాన్నగారు" అని రాశారు.

పుట్టుకతో వచ్చింది కాబట్టి ఇక ఇంతే అనుకోకండి. 2009లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంవాళ్లు చదవడం సరిగా రాని ఎనిమిది, పదేళ్ల మధ్య పిల్లలకి వంద గంటలు ప్రత్యేకంగా చదవడం నేర్పారు. తర్వాత చూస్తే వాళ్ల మెదడులో దారులే మెరుగుపడ్డాయి. మా వాడికి ఇప్పుడు వారానికి మూడు రోజులు స్పెషల్ టీచరు వస్తున్నారు. ముందు చప్పుడు, తర్వాత అక్షరం, పళ్లెంలో రవ్వ పోసి దాని మీద వేలితో రాయడం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఇలాంటి చదువు ఇబ్బందులు కూడా చేరాయి. ఆ కాగితాలు పట్టుకెళ్లి పరీక్షల్లో అదనపు టైము అడిగాం, ఇచ్చారు. వాడింకా నెమ్మదిగానే చదువుతున్నాడు. చదవనని ఏడవడం మాత్రం మానేశాడు.

మా చిన్నదానికి నాలుగేళ్లు. అన్నకి ఉంది కాబట్టి దాన్ని ఇప్పట్నుంచే కనిపెట్టుకుని ఉన్నాం. అత్తయ్య చిక్కుళ్లు ఒలుస్తూ "కమలలోంచి క తీసేస్తే?" అంటారు. "మల!" అని అరుస్తుంది. తెలిసిందా లేదా అన్నది కాదు, ఆటలా చెవికి అలవాటవుతోంది.

మీ ఇళ్లల్లో కూడా పేపరు చదవాల్సి వచ్చినప్పుడల్లా కళ్లజోడు పోగొట్టుకునే తాతయ్యో, ఉత్తరాలంటే తప్పించుకు తిరిగే బాబాయో ఉన్నారేమో, ఒకసారి నెమ్మదిగా అడిగి చూడండి. నిలదీయడానికి కాదు. రేపు ఆ ఇంట్లో అక్షరాభ్యాసం చేసుకునే పిల్లల్ని ఎవరూ మొద్దు అనకుండా ఉండడానికి.