ఏ పనికీ రాని రష్యన్

అలిపిరి పాదాల మండపం దగ్గర పొద్దున ఆరింటికి ఓ పావుగంట నిలబడి చూడండి. నుదుట నామం పెట్టే పెద్దాయన, ఎదురొచ్చే మనిషి నడక చూసే భాష మార్చేస్తుంటాడు. ఒకరిని 'వాంగ సామీ' అంటాడు, ఇంకొకరిని 'బన్ని బన్ని' అని పిలుస్తాడు, మరాఠీ టోపీ కనిపిస్తే 'యా, యా' అంటాడు. కొబ్బరికాయలు, కర్పూరం అమ్మే ఆమెకు నాలుగు భాషల్లో అంకెలు వచ్చు, అయిదో భాషలో పోట్లాట వచ్చు. వీళ్లెవరూ స్పోకెన్ ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కలేదు. కూటి కోసం నేర్చుకున్నారు, అంతే. వాళ్ల ఉచ్చారణ ముందు నా హిందీ ఏ మూలకూ రాదు.

మా ఇల్లు అక్కడికి నడిచిపోయేంత దూరం. ఇలాంటి చోట పెరిగితే భాష అంటే చేతిలో పనిముట్టు అనే అనిపిస్తుంది. ఇంగ్లీషు ఉద్యోగానికి, హిందీ రైల్లో సీటు కోసం, అరవం చెన్నై ఆస్పత్రుల కోసం. అందుకే రెండేళ్ల కిందట నేను రష్యన్ నేర్చుకోవడం మొదలుపెడితే ఇంటా బయటా అందరూ ఒకే మాట అడిగారు. 'దేనికి?'

ఎదురింటి ఆంటీ ఊహ మాత్రం వేరు. 'పాపను ఎంబీబీఎస్‌కు రష్యా పంపిస్తారా?' అంది. మా పాప మూడో తరగతి! అయినా ఆమెను అనడానికి లేదు. రష్యాలో డాక్టరీ చదివే మనవాళ్ల పిల్లలు వీధికొకరు ఉన్న రోజులివి. ఆఫీసులో ఒకతను ఇంకాస్త ముందుకెళ్లి, జర్మన్ అయితే నర్సులకు ఉద్యోగాలు, జపనీస్ అయితే ఐటీ వాళ్లకు గిరాకీ అని లెక్కలు చెప్పాడు. 'రష్యన్‌తో ఏం చేస్తావు?' అన్నాడు చివరికి. ఏమీ చెయ్యను. నిజానికి అదే నా జవాబు. కానీ ఆ మాట పైకి అంటే బాగోదని నవ్వి ఊరుకున్నాను.

అసలు కారణం చదువుకు సంబంధించింది. జర్నలిజం డిప్లొమా అయి డెస్కులో చేరిన కొత్తలో సీనియర్లు నేర్పిన మొదటి విద్య, వేగంగా చదవడం. ప్రెస్ నోట్ చేతికి రాగానే పొట్టు ఊది గింజ ఏరుకోవాలి. మొదటి పేరా, చివరి పేరా, మధ్యలో అంకెలు ఉంటే అవి. రోజుకు వందల కాగితాలు అలా చదివీ చదివీ కంటికి అదే అలవాటైంది. ఇంటికొచ్చి నవల తెరిచినా కన్ను పరుగే. ఒకప్పుడు నేను ఏడ్చుకుంటూ చదివిన నవలనే మళ్లీ పట్టుకుంటే, నలభై పేజీలు ఇరవై నిమిషాల్లో అయిపోయాయి. పుస్తకం మూసి చూసుకుంటే మనసులో ఒక్క మనిషి ముఖం లేదు. చదువే వృత్తి అయినవాళ్లలో చాలామందికి ఈ జబ్బు ఉంటుందని తర్వాత తెలిసింది. బయటికి చెప్పుకోరు.

మరి రష్యనే ఎందుకంటే, మా ఇంటి బీరువాలో దానికో మూలం ఉంది. మా నాయన ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. నేను పుట్టకముందే విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల బస్సు ఊళ్లోకి వచ్చినప్పుడల్లా ఓ పుస్తకం కొనేవాడట. గట్టి అట్ట, దళసరి కాగితం, చేతికి అందే ధర. మాస్కోలో అచ్చయి తెలుగు ఇళ్లకు వచ్చిన ఆ సోవియట్ పుస్తకాల సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది, పుస్తకాల రాకా ఆగిపోయింది. ఈమధ్య 'మంచి పుస్తకం' వాళ్లు వాటిలో పిల్లల పుస్తకాలు కొన్ని మళ్లీ అచ్చేశారు కాబట్టి కొత్త తరానికీ కొంత పరిచయం.

మా బీరువాలో బాగా నలిగిన పుస్తకం 'నాన్నారి చిన్నతనం'. రాసింది అలెగ్జాండర్ రస్కిన్. కూతురు సాషా తరచూ జబ్బు పడుతుంటే, మంచం మీద ఉన్న పిల్లకు కాలక్షేపంగా తన చిన్ననాటి సంగతులు చెప్పాడట. అవే పుస్తకమయ్యాయి. మాకు ఇంట్లో 'నాయన'. 'నాన్నారు' అనే కోస్తా మాట మాకు రష్యా అంత దూరంగానే వినిపించేది. ఆ మాట వెనక అసలు రష్యన్‌లో ఏముందో చూడాలన్న కోరిక నాకు అప్పటినుంచీ ఉంది. దానికి ముప్ఫై నాలుగేళ్లు వచ్చాక ముహూర్తం కుదిరింది. చెన్నైలో రష్యన్ సాంస్కృతిక కేంద్రం వాళ్ల తరగతులు ఉంటాయి కానీ, తిరుపతి నుంచి వారం వారం పోయిరావడం నా డ్యూటీతో కుదిరే పని కాదు. ఒక పాఠ్యపుస్తకం, ఒక నిఘంటువు, సెల్‌ఫోన్. ఇదీ నా బడి.

అక్షరాలు వారంలో వచ్చేశాయి. ఆ తర్వాత తమాషా మొదలైంది. రష్యన్‌లో 'మగజీన్' అంటే దుకాణం. ఆదివారం మ్యాగజీన్‌లో పనిచేసే నాకు అది విని నవ్వాగలేదు. 'మ్యాచ్' అంటే బంతి. ఇంత న్యాయమైన మాట క్రికెట్ పిచ్చి ఉన్న మనకెందుకు లేదో! నిప్పు 'అగోన్', తలుపు 'ద్వేర్', అన్నదమ్ముడు 'బ్రాత్'. సంస్కృత విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్లో అగ్ని, ద్వారం, భ్రాత గుర్తుకు రాకుండా ఎలా ఉంటాయి?

కానీ నన్ను నిజంగా కట్టిపడేసింది వాక్యం. నా పాఠ్యపుస్తకం ఇంగ్లీషు వాళ్ల కోసం రాసింది. అందులో మొదటి పాఠంలోనే ఒక పెద్ద హెచ్చరిక: ఈ భాషలో 'ఈజ్' ఉండదు, కంగారు పడకండి! 'ఎతో దోమ్' అంటే 'ఇది ఇల్లు'. ఇందులో కంగారు ఏముంది, మనమూ అంతేగా అనేది? తర్వాతి పాఠంలో ఇంకో హెచ్చరిక. 'నేను పుస్తకాన్ని కలిగి ఉన్నాను' అనరు, 'నా దగ్గర పుస్తకం' అంటారు. మనమూ అంతే. చలేస్తే 'నాకు చలి' అంటారు. వయసు చెప్పాలంటే 'నాకు ముప్ఫై ఆరేళ్లు' అంటారు. నువ్వు, మీరు వేరువేరు. ఇంగ్లీషువాడికి వింతగా తోచిన ప్రతిచోటా నాకు మా వీధి అరుగు మీద కూర్చున్నట్టుంది. మనం ఏ పరాయి భాషనైనా ఇంగ్లీషు కిటికీలోంచే చూస్తాం కాబట్టి, మన తెలుగుకు దగ్గరగా ఉన్నవి కూడా కొండల్లా కనిపిస్తాయి. ఇది ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు.

అలాగని రష్యన్ సులువేమీ కాదు. క్రియల దగ్గరికొస్తే చుక్కలు కనిపిస్తాయి. 'వెళ్లడం' అనే ఒక్క మాటతో మనకు జరిగిపోతుంది. వాళ్లకు నడిచి వెళ్తే ఒక క్రియ, బండి మీద వెళ్తే ఇంకోటి. పైగా అటుగా వెళ్లడం ఒకటి, రోజూ పోయిరావడం మరొకటి. ఎంత బట్టీపట్టినా ఎక్కలేదు. చివరికి అలిపిరే గుర్తుండేలా చేసింది. కొండకు పోయొచ్చిన మనిషిని మా ఊళ్లో మొదట అడిగే ప్రశ్న, 'నడిచి పోయినారా, బస్సులోనా?' దర్శనం ఎలా అయిందన్నది ఆ తర్వాతే. తొమ్మిది కిలోమీటర్లు, మూడువేల అయిదువందల చిల్లర మెట్లు కాళ్లతో ఎక్కడం, గంటలోపు ఘాట్ రోడ్డు మీద బస్సులో చేరుకోవడం ఒకటే 'వెళ్లడం' కాదని మా ఊరికీ తెలుసు. రష్యన్‌వాడు ఆ తేడాను క్రియలోనే పెట్టుకున్నాడు.

మన రాయలసీమకు ఈ పరాయి భాషల పిచ్చి కొత్తది కాదు. 1820లో కడపకు వచ్చిన సి.పి.బ్రౌన్ తెలుగు నేర్చుకున్నది కంపెనీ ఉద్యోగం కోసమే. నామం పెట్టే మా పెద్దాయన లాగే కూటి కోసం. కానీ ఉద్యోగానికి అంత తెలుగు అక్కర్లేదు కదా! వేమన పద్యాలు వెతికించడం, చేతిరాత ప్రతులు కొనడం, పండితులకు సొంత డబ్బుతో జీతాలివ్వడం, 1852లో నిఘంటువు అచ్చు దాకా పోవడం... అదంతా జీతం రాళ్ల కోసం చేసిన పని కాదు. ఇక అనంతపురం జిల్లాలో పుట్టి, తిరుపతి సంస్కృత కళాశాలలో చదివి, కడపలో స్థిరపడ్డ పుట్టపర్తి నారాయణాచార్యులుగారికి పద్నాలుగు భాషలు వచ్చని చెబుతారు. విశ్వనాథ 'ఏకవీర'ను మలయాళంలోకి అనువదించింది ఆయనే. ఆ రోజుల్లో సీమలో కూర్చుని మలయాళం అంత లోతుగా నేర్చుకుంటే ఏం ఒరుగుతుందని ఆయన్ని ఎవరైనా అడిగారో లేదో.

రష్యన్ చదువులో నాకు బాగా తోడుగా నిలిచింది మాత్రం ఇంకో కడప మనిషి, రాచమల్లు రామచంద్రారెడ్డి. రారా అంటే సాహిత్యం చదివేవాళ్లకు వెంటనే తెలుస్తుంది. విమర్శలో ఎవరినీ లెక్కచెయ్యని మనిషి. డెబ్భైలలో మాస్కో వెళ్లి ప్రగతి ప్రచురణాలయంలో అనువాదకుడిగా పనిచేశారు. ఆయన 'అనువాద సమస్యలు' పుస్తకానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఒక మాటను ఇంకో భాషలో పెట్టడానికి ఎంత తర్కం, ఎంత తగువు కావాలో ఆ పుస్తకం చదివాక నాకు అనువాదకుల మీద గౌరవం పదింతలైంది.

ఆ గౌరవంతోనే, ఆన్‌లైన్‌లో వెతికి తెప్పించుకున్న పాత రష్యన్ ప్రతి అట్ట మీద పేరును కూడబలుక్కుంటూ చదివాను. 'కాక్ పాపా బిల్ మాలెంకిమ్'. పాపా అంటే నాన్నే. మాలెంకీ అంటే చిన్న. చివరి 'మ్' దగ్గర ఆగాను. ఉన్న స్థితిని చెప్పే విభక్తి అది. మన 'గా' లాంటిది. 'నాన్న చిన్నవాడుగా ఉండేది ఎట్లా' అని అడిగినట్టుంది. తెలుగు అనువాదంలో ఆ 'ఎట్లా' పోయింది, గౌరవవాచకం వచ్చి చేరింది. ఇది తప్పని అనను. 'నాన్నారి చిన్నతనం' చెవికి ఎంతో ఇంపైన పేరు. కానీ ఆ 'ఎట్లా' ఒక పిల్ల నోట్లోంచి వచ్చిన ప్రశ్న. అట్ట మీద నాలుగు మాటల కోసం ఒక సాయంత్రం గడిచింది. చాలా ఏళ్ల తర్వాత నేను ఒక పుస్తకాన్ని చదివినట్టనిపించిన సాయంత్రం అది.

మొదటి కథ పేజీన్నర. చిన్నప్పటి నాన్నకు సూర్యుడంత అందమైన బంతి ఇస్తారు, దాన్ని కారు కింద వేస్తే ఏమవుతుందో చూడాలనిపిస్తుంది ఆయనకు. ఏమవుతుంది, పేలిపోతుంది! అంత కథకు నాకు పదకొండు రోజులు పట్టింది. గబగబా చూసేసే వీల్లేదు. గింజ ఏదో పొట్టు ఏదో తెలియదు కాబట్టి ప్రతి మాటా నమలాలి. డెస్కులో పన్నెండేళ్లుగా పరుగెత్తిన కన్ను, ఒకటో తరగతి పిల్ల వేలిలా అక్షరం అక్షరం కింద నడిచింది.

తర్వాత తర్వాత ఈ చదువు రాత్రి భోజనాలయ్యాక వరండాలోకి మారింది. రష్యన్‌లో ఒక వాక్యం, నిఘంటువులో వెతుకులాట, తెలుగులో మళ్లీ ఆ వాక్యం. మా పాపకు మొదట్లో విసుగు. 'తెలుగు పుస్తకం ఉంది కదమ్మా, అదే చదవచ్చు కదా' అనేది. న్యాయమే! కానీ నేను మాట వెతికేలోపు అదేమై ఉంటుందో ఊహించడం దానికి ఆటైపోయింది. మా నాయన పక్కనే నులకమంచం మీద పడుకుని, వింటున్నాడో లేదో తెలియకుండా ఉండేవాడు.

ఆ రాత్రి కథలో, చిన్నప్పటి నాన్న పెద్దయ్యాక ఏమవ్వాలా అని ఆలోచిస్తున్నాడు. మొదట ఒకటి కావాలనుకున్నాడు. ఆ 'స్తోరొజ్' అనే మాట దగ్గర నేను ఆగాను. పాప 'పోలీసా? దొంగా?' అంటోంది. దొరికింది. 'రాత్రి కాపలా కాసేవాడు' అన్నాను.

'కావిలోడా?' అన్నాడు మా నాయన మంచం మీద నుంచి. 'నేనూ ఉండినా కావిలికి.'

అయిదో తరగతిలో ఒక ఏడాది బడి మానేసి మామిడితోట కావలికి పోయాడట. ఎండాకాలమంతా మంచె మీదే పడక. ఒక లాంతరు, పందులొస్తే కొట్టడానికి ఒక రేకు డబ్బా. కూలి వాళ్ల అమ్మ చేతికిచ్చేవారట. మరుసటి ఏడు మళ్లీ అదే తరగతిలో, తనకంటే చిన్నపిల్లల పక్కన కూర్చున్నాడట. ఈ సంగతి మా అమ్మకు కూడా తెలియదు. తెలుగు పుస్తకంలో ఈ కథను నేను చిన్నప్పుడు పదిసార్లు బిగ్గరగా చదివి ఉంటాను, నాయన వింటుండగానే. అప్పుడు ఆ మాట దగ్గర ఆగింది లేదు.

'తాతా, ఒక్కడివే ఉంటే భయం కాలేదా?' అంది పాప.

'అయ్యేది. అందుకే డబ్బా గట్టిగా కొట్టేవాణ్ణి.'

'పందులు రాకపోయినా?'

'రాకపోయినా' అన్నాడు.

పేజీ ఆ రాత్రి అక్కడే ఆగిపోయింది. మరుసటి రోజు నేను గిన్నెలు కడుగుతుండగానే పాప పుస్తకం, నిఘంటువు తెచ్చి వరండాలో పెట్టి, ఈసారి నా పక్కన కాకుండా తాత మంచం మీద కూర్చుంది. 'త్వరగా రామ్మా' అంది. 'ఇంకో కష్టమైన మాట రావాలి.'