విక్రాంత్ : ఒక పేరు, రెండు నౌకలు

మానవుడు నిర్మించిన వస్తువులలో మనిషికి జరిగే సంస్కారాలన్నింటికీ నోచుకున్నది నౌక. నిర్మాణానికి ముహూర్తం, నీటిలోకి దించే వేళ వేడుక, సేవలో ప్రవేశించిన నాడు పతాకారోహణం, విరమించిన నాడు సూర్యాస్తమయ వేళ పతాకావరోహణం - వీటిని నౌకాదళాలు నేటికీ శ్రద్ధగా పాటిస్తున్నాయి. ఆయువు తీరిన నౌక పేరును కొత్త నౌకకు పెట్టడం ఈ ఆచారాలలో మరొకటి. తాతగారి పేరు మనుమడికి పెట్టుకునే తెలుగింటి సంప్రదాయాన్ని అది గుర్తుకు తెస్తుంది. అయితే పేరుతో పాటు మనుమడు ఇంకేమి అందుకుంటాడు? భారత నౌకాదళంలో 'విక్రాంత్' అనే పేరు నడిచి వచ్చిన దారిని గమనిస్తే ఈ ప్రశ్నకు కొంత సమాధానం దొరుకుతుంది.

'విక్రాంత' సంస్కృత పదం. అడుగు వేయడమనే అర్థం గల 'క్రమ్' ధాతువుకు 'వి' అనే ఉపసర్గ చేరి ఏర్పడింది. విక్రమం, త్రివిక్రముడు అనే మాటలకూ మూలం ఆ ధాతువే. అడుగు ముందుకు వేసినవాడు, శూరుడు అని దాని భావం. చిత్రమేమంటే, ఆ పేరు ధరించిన మొదటి నౌక పుట్టుకలోనే అడుగు కదపలేక నిలిచిపోయింది.

రెండవ ప్రపంచ యుద్ధం సాగుతున్న 1943లో ఇంగ్లండులోని న్యూకాజిల్ వద్ద, టైన్ నది ఒడ్డున బ్రిటిష్ నౌకాదళం కోసం ఒక విమాన వాహక నౌక నిర్మాణం మొదలైంది. దాని అప్పటి పేరు హెర్క్యులిస్. 1945 సెప్టెంబరులో అది నీటిలోకి దిగేనాటికి యుద్ధం ముగిసింది. అవసరం తీరినందున పని ఆగిపోయి, నౌక ఏళ్ల తరబడి అసంపూర్ణంగా ఉండిపోయింది. 1957లో భారత ప్రభుత్వం దానిని కొని, బెల్‌ఫాస్ట్ నౌకాశాలలో పూర్తి చేయించింది. 1961 మార్చి 4న బ్రిటన్‌లో భారత హైకమిషనర్‌గా ఉన్న విజయలక్ష్మీ పండిట్ సమక్షంలో అది 'విక్రాంత్'గా సేవలో ప్రవేశించింది. ఆ ఏడాది నవంబరులో బొంబాయి చేరిన నౌకకు ప్రధాని నెహ్రూ స్వాగతం పలికారు.

దాని పొడవు 213 మీటర్లు. విమానం పరుగెత్తి లేవడానికి ఆ పొడవు చాలదు. అందుకే ఆవిరి బలంతో పనిచేసే యంత్రం విమానాన్ని వడిసెలలోని రాయిలా ముందుకు విసిరేది. తిరిగి వచ్చిన విమానం, తోకకున్న కొక్కెంతో డెక్‌పై అడ్డంగా కట్టిన ఉక్కుతీగను అందుకొని ఆగేది. విమానాలు లేచే సమయంలో నౌక గాలికి ఎదురుగా వేగంగా సాగాలి. ఎదురుగాలి ఎంత ఎక్కువగా ఉంటే విమానం అంత తేలికగా పైకి లేస్తుంది. అందుచేత ఇటువంటి నౌకకు వేగమే ప్రాణం. ఆ వేగానికి ఆధారం బాయిలర్లు.

1965 యుద్ధకాలంలో విక్రాంత్ మరమ్మతులలో ఉండి పాల్గొనలేకపోయింది. 1971లో మళ్లీ యుద్ధమేఘాలు కమ్ముకున్నప్పుడు దాని నాలుగు బాయిలర్లలో ఒకటి పగుళ్లు తీసి ఉంది. మరమ్మతుకు వ్యవధి లేదు. ఈసారీ రేవులోనే ఉండిపోతే నౌకాదళం ఆత్మవిశ్వాసమే దెబ్బతింటుందన్న ఆలోచనతో, ఆ లోపంతోనే దానిని తూర్పు సముద్రానికి పంపారు.

ఇక్కడ విశాఖపట్నం ఈ కథలో ప్రవేశిస్తుంది. విక్రాంత్‌ను వేటాడేందుకు పాకిస్తాన్ తన జలాంతర్గామి 'ఘాజీ'ని బంగాళాఖాతానికి పంపింది. ఘాజీ కూడా పేరు మారిన నౌకే. అమెరికాలో 'డయాబ్లో'గా పుట్టి, 1964లో పాకిస్తాన్ చేతికి వచ్చింది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్ దీవుల వైపు రహస్యంగా తరలించి, అది విశాఖ దగ్గరే ఉన్నట్లు శత్రువును నమ్మించారు. విరమణకు చేరువైన 'రాజ్‌పుత్' అనే పాత నౌక విక్రాంత్‌లా నటిస్తూ రేడియో సందేశాలు పంపింది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటిన వేళ విశాఖ రేవు వెలుపల ఘాజీ మునిగిపోయింది. రాజ్‌పుత్ జారవిడిచిన జలాంతర్గామి విధ్వంసక బాంబులే కారణమని భారతదేశం, నౌక లోపలి ప్రమాదమే కారణమని పాకిస్తాన్ చెబుతూ వచ్చాయి. కారణమేదైనా, అందులోని తొంభైమందికి పైగా నావికులలో ఒక్కరూ బయటపడలేదు.

డిసెంబరు 4న విక్రాంత్ మీది నుంచి లేచిన సీ హాక్ విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌లపై దాడి చేశాయి. బంగ్లాదేశ్ విమోచన యుద్ధంలో సముద్రమార్గాన్ని మూసివేసిన ఘనతలో ఆ నౌకకు పెద్ద వాటా ఉంది. పుట్టుకలో అడుగు కదపని నౌక, పగిలిన బాయిలర్‌తోనే తన పేరును సార్థకం చేసుకుంది.

అనంతరం 1997 జనవరి 31న విక్రాంత్ విరమించింది. కొన్నేళ్లు ముంబైలో ప్రదర్శనశాలగా జనాన్ని అలరించింది. పొట్టు శిథిలం కావడంతో 2012లో సందర్శకులకు ద్వారాలు మూశారు. దానిని కాపాడాలని పౌరులు న్యాయస్థానాల వరకు వెళ్లినా ఫలితం దక్కలేదు. 2014లో వేలంలో అమ్ముడై, ముక్కలైంది. దాని లోహంలో కొంత మోటారు సైకిళ్ల పెట్రోలు ట్యాంకులకు చేరింది. కొంత ముంబైలో ఒక స్మారక శిల్పమైంది.

నౌకల తుది దశ ఎన్నడూ ఒకే తీరుగా లేదు. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటన్ పక్షాన రెండు నౌకలు ఒకదాని వెనుక ఒకటిగా పోరాడాయి. వాటిలో నెల్సన్ నడిపించిన 'విక్టరీ' నేటికీ పోర్ట్స్‌మత్‌లో భద్రంగా ఉంది. దాని వెన్నంటి వచ్చిన 'టెమరేర్'ను 1838లో కలప కోసం విడగొట్టారు. టర్నర్ అనే చిత్రకారుడు ఆ తుది ప్రయాణాన్ని వర్ణచిత్రంగా మలచినందువల్లనే అది జ్ఞాపకంలో నిలిచింది. బొంబాయిలో వాడియాల నౌకాశాల టేకుతో నిర్మించి 1817లో నీటిలోకి దించిన 'ట్రింకోమలీ' మాత్రం రెండు శతాబ్దాలు గడిచినా ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో తేలుతూనే ఉంది. విశాఖ వాసుల అదృష్టం ఇటువంటిదే. 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగిన 'కుర్సురా' జలాంతర్గామి 2002 నుంచి రామకృష్ణా బీచ్‌లో ప్రదర్శనశాలగా నిలిచింది. తల వంచితే తప్ప దాటలేని దాని ద్వారాలు, ఒకదానిపై ఒకటిగా అమర్చిన ఇరుకు పడకలు చూసిన పిల్లవానికి నావికుని జీవితం గురించి వేరే పాఠం అక్కరలేదు.

విక్రాంత్ కథ అంతటితో ముగియలేదు. 2009లో కొచ్చి నౌకాశాలలో ఆ పేరిట కొత్త నౌక నిర్మాణానికి పునాది పడింది. ఇది కొని తెచ్చుకున్నది కాదు. భారత నౌకాదళ నిపుణులే రూపకల్పన చేశారు. యుద్ధనౌకకు మామూలు ఉక్కు పనికిరాదు. పేలుడు తాకితే పెళుసుగా పగలక తట్టుకోవాలి. వెల్డింగ్ చేసినచోట బలం తగ్గకూడదు. చల్లని నీటిలోనూ గుణం మారకూడదు. అటువంటి ఉక్కు కోసం ఇతర దేశాల వైపు చూసే అవసరం లేకుండా, హైదరాబాదులోని డిఫెన్స్ మెటలర్జికల్ రీసెర్చ్ లాబొరేటరీ శాస్త్రవేత్తలు స్టీల్ అథారిటీ సంస్థతో కలిసి దానిని స్వదేశంలోనే సాధించారు. సముద్రానికి ఎంతో దూరాన, దక్కన్ పీఠభూమిలో జరిగిన పరిశోధన ఫలితం నేడు అలలపై తేలుతోంది. 262 మీటర్ల పొడవు, సుమారు 45,000 టన్నుల బరువు గల ఈ నౌక 2022 సెప్టెంబరు 2న సేవలో ప్రవేశించింది.

పేరు నిలిపే సంప్రదాయంలో హృదయాన్ని కదిలించే మరో ఘట్టం 'ఖుక్రీ'. 1971 డిసెంబరు 9న డయ్యూ తీరానికి దూరంగా శత్రువు టార్పెడో తగిలి ఖుక్రీ మునిగినప్పుడు 18 మంది అధికారులు, 176 మంది నావికులు అమరులయ్యారు. నౌకాధిపతి కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తనను తాను రక్షించుకోక నౌకతోనే జలసమాధి అయ్యారు. ఆ పేరుతో 1989లో వచ్చిన రెండవ ఖుక్రీ ముప్పై రెండేళ్లు సేవచేసి, 2021 డిసెంబరులో విశాఖలో విరమించింది. ఆ తరువాత దానిని డయ్యూకు తరలించి స్మారకంగా నిలిపారు. మొదటి నౌక ఏ తీరానికి చేరలేకపోయిందో ఆ తీరానికే రెండవ నౌక చేరింది.

యుద్ధనౌకను చూచినప్పుడు దాని ఆకారం, ఆయుధ సంపత్తి మొదట ఆకర్షిస్తాయి. అవి కాలంతో పాతబడేవే. విశాఖ సముద్రగర్భంలో ఘాజీ శిథిలంతో పాటు ఒరిగిన వారికీ ఇళ్లు, ఎదురుచూసిన తల్లులు ఉండేవారు. విజయగాథ చెప్పేటప్పుడు ఆ సంగతినీ చెప్పే జాతికే యుద్ధం విలువ, శాంతి విలువ రెండూ తెలుస్తాయి. మనుమడికి తాత పేరు పెట్టడం సులభం. తాత ఎలా బతికాడో, ఎన్ని కష్టాలకోర్చి ఆ పేరు నిలబెట్టాడో చెప్పేవారు ఇంట్లో ఉండాలి. కుర్సురా వంటి నౌకలను కాపాడుకోవడం, విక్రాంత్ వంటి నౌకల కథను తరువాతి తరానికి అందించడం ఆ పెద్దరికంలో భాగం.